తుప్పు వదిలించే ముందు...

‘ఏదైనా ఒక వ్యాపకం పెట్టుకోండి, మనసుకు మంచిది’ అని ఈ శీర్షికలో మీకు చాలాసార్లు చెప్పాను. నిద్రపట్టదన్నవారికీ, ఉద్యోగం విరమించి ఏమీ తోచదన్నవారికీ నేను రాసిచ్చే మొదటి మందు అదే. కాని ప్రతి మందుకూ మోతాదూ, పథ్యమూ వున్నట్టే వ్యాపకానికీ వుంటాయని, నా డెబ్బై ఆరో ఏట, కాలిఫోర్నియాలో, మా అబ్బాయి కారు షెడ్డులో తెలిసింది. కాస్త సిగ్గుపడవలసిన సంగతే. అయినా దాచుకోకుండా చెబుతాను. మీకు పనికిరావచ్చు.

2022 వేసవిలో నేనూ, మా ఆవిడా మా అబ్బాయి దగ్గర వుండడానికి వెళ్ళాం. వాడిది కంప్యూటరు ఉద్యోగం. రాత్రి భోజనాలయ్యాక వాడు షెడ్డులోకి వెళ్ళి తలుపేసుకునేవాడు. ఓ రోజు వెళ్ళి చూద్దును కదా, గోడ నిండా పాత సైకిలు సామాను! హ్యాండిల్ బార్లు, పెడళ్ళు, క్రాంకులు, రిమ్ములు, తుప్పుపట్టిన ఫ్రేములు. అన్నీ బి.ఎమ్.ఎక్స్. సైకిళ్ళవి.

మీలో కొందరికి ఆ పేరు కొత్త కావచ్చు. ఇరవై అంగుళాల చక్రాలూ, ఎత్తయిన హ్యాండిల్ బారూ, లావుపాటి టైర్లూ వుండే పొట్టి సైకిలు అది. 1970 ప్రాంతాల్లో దక్షిణ కాలిఫోర్నియా పిల్లలు మోటారు సైకిలు పందాలు చూసి, తమ సైకిళ్ళతో మట్టిదిబ్బల మీద అలాగే దూకడం మొదలుపెట్టారు. మామూలు సైకిళ్ళు ఆ దూకుళ్ళకు తట్టుకోలేకపోయేవి. అప్పుడు మంగూస్, రెడ్‌లైన్ వంటి కంపెనీలు గట్టి ఫోర్కులూ, పోతపోసిన చక్రాలూ తయారుచేశాయి. ఆనాటి పిల్లలాట 2008లో బీజింగ్ ఒలింపిక్సుకు ఎక్కింది. ఆ మొదటి రోజుల సామాను వెతికి, కొని, తుప్పు వదిలించి, మళ్ళీ సైకిలుగా బిగించుకునే సరదా వున్నవాళ్ళు అక్కడ చాలామందే వున్నారు.

‘నీకెక్కడిదిరా ఈ పిచ్చి?’ అన్నాను. వాడు నవ్వి వూరుకున్నాడు. తర్వాత మా ఆవిడ గుర్తుచేసింది. 1982లో వచ్చిన ‘ఇ.టి.’ అనే ఇంగ్లీషు సినిమాలో పిల్లలు ఆకాశంలో తొక్కుకుంటూ పోయే సైకిళ్ళుంటాయి. అవి జపానువారి కువహారా కంపెనీవి. ఆ సినిమాను మావాడు పదేళ్ళప్పుడు పక్కింట్లో వీడియో కాసెట్టు వేస్తే చూశాడు. ‘నాన్నగారూ, అలాంటి పొట్టి సైకిలు కొనరా?’ అని నెల్లాళ్ళు నా వెనకే తిరిగాడు. ‘ముందు లెక్కల్లో మార్కులు తెచ్చుకో’ అన్నాను. తెచ్చుకున్నాడు. నేను సైకిలు మాట మరిచిపోయాను. వాడు మరిచిపోలేదు.

ఆ మర్నాటి నుంచి నేనూ షెడ్డులో చేరాను. రోగుల్ని చూడడం మానేశాక నా చేతులకు పని లేకుండా పోయింది. ఒక పెడల్ విప్పి, గ్రీజు కడిగి, లోపలి గోళీలు లెక్కపెట్టి మళ్ళీ బిగిస్తే రెండు గంటలు ఎలా గడిచాయో తెలిసేది కాదు. రాత్రి పడుకోగానే నిద్ర పట్టేది. చేతులకూ కళ్ళకూ ఒకేచోట పని చెబితే ఆలోచనలు అటూ ఇటూ పోవు. ఈ గుణం మాత్రం నేను స్వయంగా చూశాను.

ఇక పథ్యం సంగతి.

ఒక సాయంత్రం మావాడు ఇంట్లో లేనప్పుడు, డ్రిల్లుకు తీగబ్రష్షు తగిలించి ఫోర్కు మీద తుప్పు తీస్తున్నాను. చదువుకునే కళ్ళద్దాలు వున్నాయి కదా, చాలుననుకున్నాను. పక్కనుంచి ఏదో కంట్లో పడింది. నలిపాను, నీళ్ళతో కడిగాను, ఎవరికీ చెప్పలేదు. నలభై ఏళ్ళు వైద్యం చేసినవాణ్ణి, నలుసుకు భయపడతానా? మర్నాటికి కన్ను ఎర్రబడి, వెలుతురు చూడలేకపోయాను. కంటి డాక్టరు చూస్తే కార్నియా మీద ఇనుపరజను అతుక్కుని, చుట్టూ తుప్పు వలయం ఏర్పడింది. ఇనుము కంట్లో పడితే కొన్ని గంటల్లోనే అలా అవుతుంది. మత్తుచుక్కలు వేసి, రజనునూ తుప్పునూ గీసి తీశారు. చూపు దక్కింది. ఆ డాక్టరు నా వృత్తి అడిగినప్పుడు మాత్రం చెప్పలేక చెప్పాను.

కన్ను మూసుకుని ఇంట్లో కూర్చున్న ఆ రెండు రోజుల్లో నాకు ఇంకొకటి తట్టింది. మూడేళ్ళ మనవడు ఆ షెడ్డు నేల మీదే బొమ్మకార్లు తోలుకుంటాడు. బిస్కట్టు కింద పడితే తీసి నోట్లో పెట్టుకుంటాడు. మావాడు నెలరోజులుగా 1977 నాటి ఫ్రేము రంగును గరుకు కాగితంతో పొడిపొడిగా గీకుతున్నాడు. అమెరికాలో ఇళ్ళ రంగుల్లోనూ, పిల్లల వస్తువుల రంగుల్లోనూ సీసాన్ని నిషేధించింది 1978లో. అంతకు ముందటి రంగులో సీసం వుండవచ్చు.

రంగుపెచ్చును పరీక్షకు పంపాం. సీసం వుందని వచ్చింది. వెంటనే పిల్లవాడి రక్తం పరీక్ష చేయించాం. డెసిలీటరుకు 4 మైక్రోగ్రాములు. అక్కడి ఆరోగ్యశాఖవారు 2021 నుంచి 3.5 దాటితే జాగ్రత్తపడమంటున్నారు. అది మందులు వాడవలసిన అంకె కాదు. కాని పసిపిల్లల మెదడుకు ‘ఇంత సీసం ఫరవాలేదు’ అనే హద్దు ఏదీ లేదు. ఆ కాగితం చూసి మా కోడలు ఒక్క మాట కూడా అనలేదు. తిట్టినా బావుండుననిపించింది. సైకిలు రంగు వల్లనే వచ్చిందని రుజువు లేదు, వాళ్ళదీ పాత ఇల్లే. కాని తండ్రీ, తాతా ఆ దుమ్ము ఇంట్లోకి మోసుకువస్తూ వుండగా వేరే కారణం వెతకడం న్యాయం కాదు.

ఆ రోజే షెడ్డుకు తాళం పడింది. దుమ్మును చీపురుతో వూడ్చకుండా తడిగుడ్డలతో తుడిచాం. మూడు నెలల తర్వాత మళ్ళీ పరీక్ష చేయిస్తే అంకె 2కు దిగింది. అప్పుడు గాని మా కోడలు షెడ్డు తాళం తిరిగి ఇవ్వలేదు.

‘మాకు అమెరికా సైకిళ్ళతో ఏం పని?’ అంటారేమో. పండుగకు ముందు కిటికీ చువ్వలు గీకించరా? తాతగారి ట్రంకు పెట్టెకూ, పాత ర్యాలీ సైకిలుకూ రంగు వేయించరా? మన దేశంలో ఇళ్ళ రంగుల్లో సీసం పది లక్షల పాళ్ళకు 90 పాళ్ళు మించరాదన్న నిబంధన అమలయింది 2017 నవంబరులో. పాత రంగు మన ఇళ్ళలోనూ వుంది. కనుక ఈ జాగ్రత్తలు గుర్తుంచుకోండి.

పాత రంగును పొడిగా గీకకండి, కాల్చకండి. తడిపి గీకండి. మూతికి జేబురుమాలు కట్టుకుంటే చాలదు, ఎన్-95 వంటి మాస్కు కావాలి. పిల్లలూ, గర్భిణులూ ఆ దరిదాపుల్లో వుండకూడదు. పని బట్టలు విడిగా వుతకండి. సబ్బుతో చేతులు కడుక్కున్నాకే తిండి ముట్టుకోండి.

కళ్ళకు పక్కలు కూడా మూసే అద్దాలు పెట్టుకోండి. నలుసు పడితే నలపకండి, గుడ్డకొసతో తీయబోకండి. డ్రిల్లు పని చేస్తుండగా ఏదైనా వేగంగా కంటికి తగిలితే, నొప్పి లేకపోయినా ఆ రోజే డాక్టరుకు చూపించండి.

తుప్పు వదిలించే ఆక్సాలిక్ ఆమ్లం వంటివాటిని తాగే నీళ్ళ సీసాల్లో, కూల్‌డ్రింకు సీసాల్లో పోసి వుంచకండి. పొరపాటున తాగితే మూత్రపిండాలు దెబ్బతింటాయి. కంట్లో పడితే ధారగా పావుగంటకు తక్కువ కాకుండా కడిగి ఆస్పత్రికి వెళ్ళండి. క్రోమియం పూత మీది పైపై తుప్పుకు ఆమ్లం అక్కరలేదు. అల్యూమినియం రేకు కాగితాన్ని నీళ్ళలో ముంచి రుద్దితే దుమ్ము రేగకుండానే పోతుంది.

ఇనుము గీరుకుంటే తుప్పు వల్ల ధనుర్వాతం వస్తుందనుకుంటారు. తెచ్చేది తుప్పు కాదు, మట్టిలోనూ పేడలోనూ వుండే క్రిములు. ఏ గాయమైనా బాగా కడగండి. పదేళ్ళకోసారి టీకా వేయించుకున్నారో లేదో చూసుకోండి.

మేం తిరిగి వచ్చే ముందురోజు రాత్రి మావాడు చక్రానికి బెండు తీస్తున్నాడు. నేను ముప్ఫయ్ ఆరు చువ్వలూ ఒక్కొక్కటే పట్టుకుని చూసి, వదులుగా వున్నది చెబుతున్నాను. ఇద్దరికీ కళ్ళద్దాలున్నాయి. ‘ఆ రోజు కొనిపెట్టి వుండవలసిందిరా’ అన్నాను. ‘పోనీండి నాన్నగారూ, ఆ పక్క చువ్వ చూడండి’ అన్నాడు.

మీ పిల్లలు అడిగిందల్లా కొనిపెట్టమని ఒక డాక్టరుగా నేను చెప్పలేను. మీ చేతులకు మాత్రం ఏదో ఒక పని చూసుకోండి. మొదలుపెట్టే ముందు అద్దాలు పెట్టుకోండి, చంటిపిల్లలుంటే తలుపు వేయండి.