మెరకా, పల్లమా?

అమలాపురంలో ఇల్లు కొనాలంటే వాస్తు సిద్ధాంతి కన్నా ముందు వాన రావాలి. ఎండాకాలంలో చూస్తే కోనసీమలో ప్రతి ఇల్లూ ముచ్చటగానే ఉంటుంది. పైన కొబ్బరి నీడ, పక్కన పంటకాలవ. "2022లో జిల్లా కేంద్రం అయ్యాక సెంటు ధర పెరగడమేనండీ, ఆయ్" అంటూ బ్రోకరు తొందరపెడతాడు.

ఊరి చివర మాకు చూపించింది తూర్పు ముఖం ఇల్లు. బ్రోకరు ఈశాన్యం గురించి చెబుతుంటే నేను హాలు గోడ అడుగు చూస్తున్నాను. మోకాలెత్తు దాకా రంగు కొత్తది, ఆ పైన పాతది. గుమ్మం చెక్క కింద ఉబ్బి పొరలు విడింది. "చెమ్మేనండీ, ప్రైమరేస్తే పోద్ది" అన్నాడు.

ఇక్కడ నీళ్లకి రెండు దారులు. ఒకటి గోదావరి. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటిన వరదే పెద్దవాళ్లకి ఇప్పటికీ కొలత. 2022 జులైలో 25 లక్షలు దాటితేనే లంకల్లో వీధుల్లో పడవలు తిరిగాయి. లంకలు గట్టుకి ఏటివైపు ఉంటాయి, అమలాపురానికి గట్టు అడ్డం. ఊళ్లో బాధ రెండోదానితో: వాన నీరు. డ్రెయిన్లన్నీ చివరికి సముద్రంలో కలవాలి. పోటు మీదున్న సముద్రం తీసుకోదు, నీరు ఎక్కడిదక్కడే నిలుస్తుంది. వరిచేలు లేఅవుట్లయ్యాయని మనం అనుకోవాలి గానీ నీటికవి ఇంకా చేలే.

పైగా రోడ్డొకటి. పాత సిమెంటు రోడ్డు తవ్వకుండా దానిమీదే కొత్తది పోస్తారు. ఒకప్పుడు మెట్లెక్కి వెళ్లిన ఇంట్లోకి కొన్నాళ్లకి మెట్టు దిగి వెళ్లాలి.

పక్కింటావిడ ప్రహరీ మీంచి, "బోరు నీళ్లు నోట్లో పోసుకు చూడండి బాబూ" అంది. చూశాను, ఉప్పన. కాలవలు కట్టేసిన వేసవిలో ఇంకా ఎక్కువట. వాస్తు పుస్తకాల్లో ఈ పరీక్ష ఎందుకు లేదో!

మా ఆవిడకి మాత్రం ఇల్లు నచ్చింది. జాకీలు పెట్టి ఇల్లు లేపించుకున్న చుట్టాలున్నారు ఆమెకి. ఆ ఖర్చు, పెరడు మెరక చేయించడానికయ్యే మట్టి ఖర్చు ధరలోంచి తగ్గిస్తే తీసుకుందామంది. బ్రోకరు ఓనరుకి ఫోన్ చేశాడు. ఓనరు మెరక మట్టి వరకు ఒప్పుకున్నాడు, జాకీల మాటెత్తితే ఫోన్ పెట్టేశాడు. బేరం అక్కడుంది.