పాత బ్రిడ్జి ఎలా మోగేది?

వానని రికార్డు చేస్తే వానలా వినపడదు. మైకు పట్టుకుని ఆరుబయట నిలబడితే దొరికేది ఒకటే హోరు. అదే మూకుట్లో నూనె కాగాక పునుగుల పిండి వేస్తూ మైకు దగ్గరగా పెట్టండి, విన్నవాళ్ళు ఆరేసిన బట్టలు తియ్యడానికి లేస్తారు. అసలు వానే కావాలంటే అది రేకుల మీద పడాలి, అరిటాకు మీద పడాలి, చూరు కింద పెట్టిన ఇత్తడి బిందెలో పడాలి. వాన చప్పుడు వానది కాదు, అది తగిలినదానిది.

ఇది నాకు గోదావరి జిల్లాలో ఎవరూ చెప్పలేదు. పిట్స్‌బర్గ్‌లో, పగలంతా పద్దులు సరిచూసే ఉద్యోగం ముగించుకుని వెళ్ళే ఒక సాయంత్రపు తరగతిలో తెలిసింది. చప్పుళ్ళని కత్తిరించి, అతికించి కథ చెప్పడం నేర్పే క్లాసు అది. నాతోపాటు రిటైరైన బస్సు డ్రైవరు ఒకాయన, ఒక నర్సు, పాడ్‌కాస్టు పెట్టాలని ఉబలాటపడే కుర్రాళ్ళు నలుగురైదుగురు ఉండేవారు. పాఠాలు తక్కువ, అసైన్‌మెంట్లు ఎక్కువ. వాటిలో చాలావాటిని మా మేష్టారు డీఎస్106 నుంచి తెచ్చేవారు. వర్జీనియాలోని మేరీ వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో 2010లో మొదలై, 2011లో అందరికీ తలుపులు తెరిచిపెట్టిన డిజిటల్ కథనాల కోర్సు అది. అందులో చేరినవాళ్ళే కొత్త అసైన్‌మెంట్లు తయారుచేసి తరవాతివాళ్ళకి వదిలిపెడతారు. ఇక చప్పుళ్ళు కత్తిరించడానికి మేం వాడిన ఆడాసిటీ సాఫ్ట్‌వేర్ పిట్స్‌బర్గ్ బిడ్డే. 1999లో ఇక్కడి కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో మొదలై, 2000లో ఉచితంగా బయటికొచ్చింది.

మొదటి అసైన్‌మెంటు తొంభై సెకన్ల కథ. అయిదు చప్పుళ్ళు వాడాలి, ఒక్క మాట ఉండకూడదు. నేను మా పెదనాన్నగారబ్బాయికి వాట్సాప్ పెట్టాను. తమ్ముడు కోటిపల్లి రేవులో పంటు ఇంజను, అంబాజీపేట దగ్గర కొబ్బరికాయల ఒలుపు, ఆత్రేయపురంలో పూతరేకు మడత పెట్టడం, గుడిగంట, పుంత దారిలో సైకిలు, ఇవన్నీ పంపించాడు. ఒక రైతు పొద్దున్నే పని చూసుకుని, పంటు ఎక్కి, అవతలి ఒడ్డున ఉన్న కూతురికి కొబ్బరికాయలూ పూతరేకులూ పట్టుకెళ్ళే కథ అల్లాను.

క్లాసులో దీపాలార్పి వినిపించాక, ఏం విన్నారో చెప్పమన్నారు మేష్టారు. నేలలో పాతిన గునపానికి కాయని గుచ్చి డొక్క విరిచే చప్పుడు వాళ్ళకి ఎముకలు విరిగినట్టు వినిపించింది. పూతరేకు గరగర పాత ఉత్తరం విప్పినట్టుంది. పంటు ఇంజను శవాన్ని దాటించే పడవైంది. చివర గుడిగంట మోగేసరికి బస్సు డ్రైవరుగారు నిట్టూర్చి, "పాపం, అంత్యక్రియలు కూడా అయిపోయాయి" అన్నారు. మా కోనసీమ రైతు తొంభై సెకన్లలో హంతకుడైపోయాడు.

మేష్టారు ఒక్క షరతు పెట్టి రెండో అసైన్‌మెంటు ఇచ్చారు. ఉన్న చప్పుళ్ళు తీసెయ్యకూడదు, వాటికి ఇరుగుపొరుగుని మాత్రం మార్చుకోవచ్చు. ఒలుపుకి ముందు, చెట్టెక్కిన దింపు మనిషి వేసే కేక పెట్టాను. కాయ దబ్బున నేలమీద పడింది. తరవాత ఒలుపు. ఆ వెంటనే కాయ పగిలి, నీళ్ళు గ్లాసులోకి వంపిన చప్పుడు. ఈసారి గదిలో ఎవరికీ ఎముకలు గుర్తు రాలేదు. ఒలుపు చప్పుడులో నేను ఒక్క సెకను కూడా మార్చలేదు. ముందూ వెనకా ఏం ఉందో దాన్నిబట్టి చెవి ఒక అర్థం ఇచ్చుకుంది.

నాకు అన్నిటికన్నా బాగా నచ్చిన పాఠం మాత్రం నిశ్శబ్దం రికార్డు చెయ్యడం. ఎవరితో మాట్లాడినా, ముగించేముందు ఆ గదిలో ఒక నిమిషం ఊరికే కూర్చుని మైకు నడవనివ్వాలి. దాన్ని రూమ్ టోన్ అంటారు. మాటల మధ్య దగ్గూ, పొడి మాటలూ తీసేసిన చోట ఆ గది నిశ్శబ్దాన్నే అతుకు వెయ్యాలి. అమ్మ రాజమండ్రి నుంచి ఫోన్లో రికార్డు చేసి పంపిన కబుర్లలో ఒకచోట, చూద్దామని, మా అపార్ట్‌మెంటు నిశ్శబ్దాన్ని అతికించాను. అమ్మ వెనక ఉండవలసిన ఫ్యాను తిరుగుడూ, కాకీ, ఎక్కడో దూరంగా మైకు సెట్టూ టక్కున మాయమై, ఫ్రిజ్ జుమ్మనడం మొదలైంది. ఒక వాక్యానికీ తరవాతి వాక్యానికీ మధ్య అమ్మ వీసా లేకుండా సముద్రాలు దాటి మా వంటింట్లోకి వచ్చేసింది. ఊరు మాటల్లో కన్నా మాటల మధ్య ఎక్కువ ఉంటుందని అప్పుడు తెలిసింది.

ఇవన్నీ అమెరికాలో కొత్తగా నేర్చుకుంటున్నాననుకుంటూ ఉండగా, చిన్నప్పుడు విన్నవన్నీ ఒక్కొక్కటే బయటికి రావడం మొదలుపెట్టాయి. రేడియోలో సంక్షిప్త శబ్దచిత్రం వచ్చేది గుర్తుందా? రెండున్నర గంటల సినిమాలో బొమ్మంతా తీసేసి, మిగిలిన చప్పుడుని కత్తిరించి గంటకి కుదించి వినిపించేవారు. మా క్లాసులో ఇస్తే జడుసుకునే అసైన్‌మెంటు అది. తలుపు చప్పుడైతే ఎవరో వచ్చారని, సంగీతం ఉరిమితే విలన్ వచ్చాడని మనమే అనుకునేవాళ్ళం. పెళ్ళిళ్ళలో మైకు సెట్టువాళ్ళు 'దాన వీర శూర కర్ణ' మాటల రికార్డు పెడితే, 1977 నాటి ఆ సినిమా చూడనివాళ్ళకి కూడా దుర్యోధనుడు ఎదురుగా నిలబడేవాడు.

విజయవాడ రేడియో కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. ఆ ఏడాదే అక్టోబరులో పారిస్ రేడియోలో పియెర్ షెఫర్ అనే ఇంజనీరు, బాతిన్యోల్ స్టేషన్లో పట్టుకొచ్చిన రైలు చప్పుళ్ళనే కోసి, తిప్పి, మళ్ళీ మళ్ళీ మోగించి ఒక సంగీత రచన చేసి వినిపించాడు. శబ్దాన్ని కత్తిరించి కళ చెయ్యడంలో అదొక ముఖ్యమైన మలుపని మాకు పాఠం చెప్పారు. షెఫర్‌కి చప్పుడే కథ, దానికి మాట అక్కర్లేదు. విజయవాడ పట్టింది వేరే దారి. అక్కడ గొంతే చప్పుళ్ళ పని కూడా చేసేది. గోదావరి ఒడ్డున కాకరపర్రులో 1928లో పుట్టిన పురాణపండ సూర్యప్రకాశ దీక్షితులు, అంటే మన ఉషశ్రీ, రామాయణం, భారతం చెప్తుంటే వెనక విల్లూ లేదు, సముద్రమూ లేదు. గొంతు పెంచడం, దించడం, ఉన్నట్టుండి ఆగడం, అంతే. ఆదివారం మధ్యాహ్నం ఆయన ఆగినచోట మా వీధి వీధంతా ఆగేది.

చిలకమర్తి లక్ష్మీనరసింహంగారి సంగతి ఇంకా విచిత్రం. చూపు పోయాక కూడా ఆయన నోటితో చెప్పి రాయించుకున్నారు. స్వీయచరిత్ర అలా చెప్పి రాయించినదే. ఆయన 'గణపతి' నవల విజయవాడ రేడియో నుంచి నాటకంగా వచ్చి, నండూరి సుబ్బారావుగారి గొంతులో ఆంధ్రదేశమంతా నవ్వులు పంచింది. పుస్తకం పట్టుకోనివాళ్ళకి కూడా గణపతి తెలిసింది చెవి ద్వారానే.

ఇంత ఉన్న ఊరి నుంచి వచ్చాను కదా అని, చివరి అసైన్‌మెంటు ఇచ్చినప్పుడు ధైర్యంగానే ఉన్నాను. ఇప్పుడు లేని ఒక చప్పుడు గురించి మూడు నిమిషాల కథ చెయ్యాలి. నాకు తట్టింది ఒక్కటే, రాజమండ్రి పాత బ్రిడ్జి.

హేవలాక్ వంతెన అది. 1900లో రైళ్ళు మొదలయ్యాయి, 56 స్పాన్లు, అప్పటి మద్రాసు గవర్నరు పేరు పెట్టారు. 1974లో రోడ్ కం రైల్ బ్రిడ్జి వచ్చింది, కింద రైళ్ళు, పైన బస్సులూ లారీలూ. 1997లో కాంక్రీటు విల్లులు వరసగా నిలబెట్టిన ఆర్చి బ్రిడ్జి వచ్చాక పాతదాని మీద రైళ్ళు ఆపేశారు. వంతెన నీళ్ళలో అలాగే నిలబడి ఉంది, చప్పుడు మాత్రం లేదు. రైలు చప్పుడు కూడా రైలుది కాదు మరి, అది ఎక్కినదానిది. ఇనుము మోగినట్టు కాంక్రీటు మోగదు. ఒకే రైలు మూడు వంతెనల మీద మూడు రకాలుగా మాట్లాడుతుంది.

చెయ్యాలంటే దొంగదారి ఉంది. బార్సిలోనాలో పాంపెయు ఫాబ్రా విశ్వవిద్యాలయంవాళ్ళు 2005లో మొదలుపెట్టిన ఫ్రీసౌండ్‌లో ప్రపంచంలోని నానా చప్పుళ్ళూ ఉచితంగా దొరుకుతాయి. ఇనప వంతెన మీద రైలు అని వెతికితే కావలసినన్ని. సినిమాలు నడిచేదే ఇలాంటి వేషాల మీద. హాలీవుడ్‌లో జాక్ ఫోలీ అనే ఆయన స్టూడియోలో బూట్లతో నడిచి తెరమీది హీరోకి అడుగుల చప్పుడు ఇచ్చేవాడు, ఆ పనికి ఇవాళ్టికీ ఆయన పేరే. మేష్టారు కూడా, "కథ నిజమైతే చాలు, ఏ వంతెనో ఎవరికి తెలుస్తుంది?" అన్నారు.

సరే చూద్దామని తమ్ముణ్ణి పాసింజరు ఎక్కించి, రోడ్ కం రైల్ బ్రిడ్జి చప్పుడు కిటికీలోంచి తీయించాను. ఏ వంతెనో చెప్పకుండా ఫోన్లో అమ్మకి వినిపించాను. రెండు క్షణాలు విని, "ఇది కొత్త బ్రిడ్జి కదే. పైన రోడ్డుంటే చప్పుడు నెత్తిమీద పడుతుంది" అంది. యాభై ఏళ్ళ వంతెన అమ్మకి ఇంకా కొత్తదే. పిట్స్‌బర్గ్‌లో ఎవరికీ తెలియకపోవచ్చు. మూడు నదులూ, నాలుగు వందలకు పైగా వంతెనలూ ఉన్న ఊరు, వాళ్ళ వంతెనలు వాళ్ళకి తెలుస్తాయి. మావి మాకు తెలుస్తాయి. కథలో రైతు ఎవరైనా కావచ్చు, ఏ తోటలో కాయైనా ఒకటే. కానీ 'ఇదిగో పాత బ్రిడ్జి' అని పేరు పెట్టి చెప్పినప్పుడు వేరే ఊరి ఇనుముని మోగిస్తే అది వేషం కాదు, దొంగ సాక్ష్యం.

అప్పుడు మావయ్యకి ఫోన్ చేశాను. కొవ్వూరు నుంచి రాజమండ్రి ఉద్యోగానికి ఏళ్ళ తరబడి రైల్లో తిరిగిన మనిషి.

"మావయ్యా, పాత బ్రిడ్జి ఎలా మోగేదో చెప్పండి" అన్నాను.

"మోత చెప్పడానికేముందమ్మా! బ్రిడ్జి ఎక్కాక మాటలుండవు. చెప్పేవోడు సగంలో ఆపేత్తాడు. వినేవోడు 'ఊఁ' అనకుండా కూచుంటాడు. ఎవడో బిళ్ళ విసిరి దణ్ణం పెట్టుకుంటాడు, అది నీళ్ళలో పడిందో ఇనుము మీద పడిందో కూడా తెలీదు. అవతలికెళ్ళాక ఆపిన మాట దగ్గర్నించే మళ్ళీ ఎత్తుకుంటాం. ఎక్కడ ఆపామో అని ఎవడూ అడగడాయ్!"

నాకు కావలసింది దొరికింది. నేను చప్పుడు కోసం వెతుకుతుంటే ఆయన దాని ఆకారం చూపించాడు. ఆ మోతకి ఒక మొదలుంది, ఒక చివరుంది, మధ్యలో పెట్టెలో ఉన్నవాళ్ళంతా దానికి దారి ఇచ్చారు.

మూడు నిమిషాల కథ ఇలా కుదిరింది. ముందు మావయ్య పై మాటలు చెప్తాడు, కింద నా గొంతు ఇంగ్లీషులో. 1997 తరవాత ఈ చప్పుడు లేదనీ, ఇందులో కూడా వినపడదనీ నేను ముందే చెప్పేస్తాను. తరవాత మావయ్య తన పెళ్ళిచూపుల కథ ఎత్తుకుంటాడు. మంచి పట్టులో, పిల్ల కాఫీ గ్లాసు పట్టుకుని వచ్చే చోట, గొంతు ఆగిపోతుంది. అక్కడ రైలు పెట్టలేదు. మావయ్య ఇంటి వసారా రూమ్ టోన్ పెట్టాను, పన్నెండు సెకన్లు. రేడియో లెక్కలో అది యుగం. తరవాత ఆపిన మాట దగ్గర్నించే కథ సాగుతుంది.

క్లాసులో ఆ పన్నెండు సెకన్లూ ఎవరూ కదల్లేదు. బస్సు డ్రైవరుగారు తరవాత నా దగ్గరికొచ్చి, తన చిన్నప్పుడు ఉక్కు మిల్లు పక్క ఇంట్లో వాళ్ళ అమ్మా నాన్నా కూడా అలాగే మాటలు ఆపి, మిల్లు మోత తగ్గాక మొదలుపెట్టేవారని చెప్పారు. ఆ మిల్లూ ఇప్పుడు లేదు. ఏ దేశపు రైలో అతికిస్తే ఆయన 'బాగుంది' అని ఊరుకునేవారు. ఖాళీ వదిలితే తన మిల్లుని తెచ్చి అందులో పెట్టుకున్నారు.

సంక్రాంతికి ఊరెళ్ళేవాళ్ళకి నాదో విన్నపం. ఫొటోలు ఎలాగూ తీస్తారు. ఫోన్లో రికార్డరు కూడా ఒకసారి నొక్కండి. మొదట తేదీ, ఊరు, ఏం చప్పుడో మీ గొంతుతో చెప్పండి. లేకపోతే పదేళ్ళ తరవాత ఆ ఫైలు ఏమిటో మీకే తెలియదు. గాలి తగలకుండా ఫోన్ని చేతిరుమాలు చాటున పట్టుకోండి. రేవుల్లో పంటులు ఇంకా తిరుగుతున్నాయి, వాటి పక్కన వంతెనలు లేచే రోజు రావచ్చు, ముందు వాటిని పట్టుకోండి. వచ్చేముందు ఆ వసారాలోనే ఒక నిమిషం ఎవరూ మాట్లాడకుండా కూర్చోండి, ఆ నిమిషమూ రికార్డు చెయ్యండి. ఇప్పటికే పోయిన చప్పుడైతే, దాన్ని విన్న పెద్దవాళ్ళ దగ్గర కూర్చుని, అది ఎలా ఉండేదని మాత్రం అడక్కండి. అది మోగుతున్నంతసేపూ మీరంతా ఏం చేసేవారని అడగండి.