పాత ఇనుమునకు ప్రాణము

లోకమున ఏ వస్తువును పుట్టుకతోనే చెత్త కాదు. దానిని వాడుకొను నేర్పు మనుష్యునకు కొఱవడినప్పుడే అది చెత్తయగును. నేర్పరియైన కమ్మరి విఱిగిన నాగటి కఱ్ఱును చూచి పాఱవేయడు. అందు రేపటి కొడవలిని చూచును. ఇట్టి చూపే మోటారు బండ్ల విషయమున కొందఱు యువకులకు అలవడగా, పాత ఇనుప సామానుల దొడ్లనుండి ఒక క్రొత్త విద్య పుట్టినది. అదియే హాట్ రాడ్ నిర్మాణము. దాని పుట్టినిల్లు అమెరికా సంయుక్త రాష్ట్రములలోని దక్షిణ కాలిఫోర్నియా.

హాట్ రాడ్ అనగా అంగడిలో కొనిన క్రొత్త పందెపు కారు కాదు. ఒక పాత కారు దేహమును, మఱియొక దాని చట్రమును, వేఱొక దాని ఇంజనును, ఇంకొక దాని బ్రేకులను సంపాదించి, అక్కఱలేని బరువును తీసివైచి, ఇంటి వెనుక కొట్టమున తన చేతులతో తానే కూర్చుకొనిన వేగవంతమగు బండికి ఆ పేరు చెల్లును.

ఈ విద్య ఆ సీమలోనే వర్ధిల్లుటకు కారణములు లేకపోలేదు. ఫోర్డు కంపెనీవారు 1908 మొదలు 1927 వఱకు మోడల్ టి అను కారును ఒకటిన్నర కోట్లకు పైగా తయారుచేసిరి. దాని పిమ్మట మోడల్ ఎ వచ్చినది. 1930 తరువాతి దినములలో ఇవి ఎక్కడ చూచినను పాతబడి పడియుండెను. దక్షిణ కాలిఫోర్నియాలో వాన తక్కువ; కావున అచ్చటి ఇనుమునకు త్రుప్పు పట్టుటయు తక్కువ. 1929లో ఆరంభమైన ఆర్థిక మాంద్యము వలన యువకుల చేతిలో డబ్బు లేదు. క్రొత్త కారు కొనుట వారికి కల. కాని చేతులలో బలమున్నది, మనస్సులో ఉత్సాహమున్నది, కన్నుల యెదుట పాత బండ్లున్నవి. ఇంకేమి కావలెను?

వేగముగా పరుగెత్తుటకు తగిన చోటును ప్రకృతియే వారికి సమకూర్చినది. లాస్ ఏంజిలిసు నగరమునకు ఉత్తరమున మొహావే ఎడారి కలదు. అందు మ్యురాకు, ఎల్ మిరాజు మున్నగు ఎండిన సరస్సులున్నవి. పేరునకు అవి సరస్సులే కాని సంవత్సరమున పెక్కు మాసములు చుక్క నీరుండదు. శీతకాలపు వానకు పలుచగా నీరు నిలుచును. గాలి ఆ నీటిని అటునిటు త్రోయగా, అడుగున నున్న ఒండ్రు అలికినట్లు చదునగును. నీరింకిన పిమ్మట మైళ్లకొలది గట్టి నేల మిగులును. అచ్చట చెట్టు లేదు, గోడ లేదు, దారిన పోవు బాటసారి లేడు.

1932లో ఫోర్డు కంపెనీ మఱియొక మేలు చేసినది. అంతవఱకు వి ఆకారముగల ఎనిమిది సిలిండర్ల ఇంజను ధనవంతుల కార్లకే పరిమితమై యుండెను. ఆ ఇంజను దిమ్మెను ఒకే ఇనుప పోతగా పోయుటకు ఉపాయమును కనుగొని, ఫోర్డువారు దానిని సామాన్యుల కారులో అమర్చిరి. మోడల్ టి ఇంజనుకు 20 అశ్వశక్తి యుండగా, మోడల్ ఎ ఇంజనుకు 40 యుండెను. ఈ క్రొత్త దానికి 65 అశ్వశక్తి. కొన్ని యేండ్లకు ఇట్టి ఇంజనులు గల కార్లును ప్రమాదములకు లోనయి, పాతబడి, ఇనుప దొడ్లకు చేరసాగినవి. తేలికయైన పాత దేహమునకు ఈ బలమైన గుండెను తగిలించినచో ఏమగును? ఈ ప్రశ్నకు జవాబే హాట్ రాడ్.

అట్టి బండిని ఇంట నిర్మింపబూనిన వాని మొదటి పని వెదకుట. దొడ్డిలో గుట్టలుగా పడియున్న వానినుండి పనికివచ్చు దానిని ఏఱుకొనుటకు కన్ను కావలెను, ఓపిక కావలెను. 1932 నాటి ఫోర్డు చట్రమును నిర్మాతలు మిక్కిలి ఆదరింతురు. అది దృఢమైనది, చూచుటకును ముచ్చటైనది. అయితే ఏండ్ల తరబడి గతుకుల దారులలో తిరిగిన చట్రము వంకరపోయి యుండవచ్చును. దానిని పరీక్షించుటకు గొప్ప యంత్ర మక్కఱలేదు, కొలబద్ద చాలును. చట్రమున కుడి యెడమలకు సరిసమానముగ నున్న నాలుగు చోట్లను గుర్తించి, మూలనుండి మూలకు రెండువైపుల కొలువవలెను. రెండు కొలతలు సమానమైనచో చట్రము తిన్నగా నున్నది, లేనిచో వంగినది. తరగతిలో నేర్చిన రేఖాగణితము ఇట్లు కొట్టములో అక్కఱకు వచ్చును.

రెండవ పని ఇంజనును విప్పి చూచుట. ఈ పాత ఇంజనున నొక దోషము కలదు. మండిన వాయువు బయటికి పోవు దారి దిమ్మెలోనుండియే సాగును. కావున దిమ్మె మిక్కిలి వేడెక్కును. మాటిమాటికి వేడెక్కి చల్లాఱిన ఇనుము కవాటములకును సిలిండర్లకును నడుమ సన్నగా చిట్లును. ఆ పగులు కంటికి కనబడకపోవచ్చును. అందుచేత దిమ్మెను శుభ్రముగా కడిగి, ఆ చోట అయస్కాంతమునుంచి సన్నని ఇనుప రజను చల్లుదురు. పగులున్నచో రజను అచ్చట గీతవలె గుమికూడును. ఎన్నో దినములు శ్రమపడి విప్పి, తోమి, కడిగిన దిమ్మెపై ఆ గీత తోచినప్పుడు నిర్మాత మనస్సు ఎట్లుండును! శ్రమ అంతయు వ్యర్థమైనట్లే యుండును. అప్పుడే వాని గుణము బయటపడును. ఏదో లప్పము పూసి, పైన రంగు వేసి, కనబడకుండ చేయువాడొకడు; దానిని ప్రక్కకు నెట్టి, మఱియొక దిమ్మె కొఱకు మరల దొడ్డికి పోవువాడొకడు. ఇనుమును మోసగింప వలనుపడదు. దాచిన పగులు నేడో రేపో నీటిని కార్చి తీరును.

దిమ్మె మంచిదైనచో అఱిగిన సిలిండర్లను తొలిపించి, వానికి సరిపోవు పెద్ద పిస్టన్లను అమర్తురు. ఎక్కువ గాలియు, ఎక్కువ పెట్రోలును లోనికి పోవుటకై ఒక కార్బొరేటరునకు మాఱుగా రెండింటిని బిగింతురు. 1936 నుండి ఫోర్డు కార్లకు వచ్చిన స్ట్రాంబర్గు 97 అను కార్బొరేటరు ఈ పనికి ప్రసిద్ధి గాంచినది. దాని లోపలి ఇఱుకు మార్గపు వెడల్పు 0.97 అంగుళము, అందుచేతనే ఆ సంఖ్య దానికి పేరైనది. చక్రముల పైకప్పులు, బండి కప్పు, ఇంజను మూత మొదలగునవి తీసివేసినచో బరువు తగ్గును. బరువు తగ్గినకొలది అదే ఇంజను బండిని మఱింత చుఱుకుగా లాగును.

అనుభవము లేనివాడు ఇంతటితో బండి సిద్ధమైనదని తలచును. అనుభవజ్ఞుడు మాత్రము అసలు పని ఇప్పుడే ఆరంభమైనదని యెఱుగును. పరుగెత్తుట యెంత ముఖ్యమో, నిలుచుట అంతకంటె ముఖ్యము. 1938 వఱకు ఫోర్డు కార్ల బ్రేకులు కమ్ముల లాగుడుచే పనిచేయుచుండెను. 1939లో ఆ కంపెనీవారు ద్రవపు ఒత్తిడిచే పనిచేయు బ్రేకులను ప్రవేశపెట్టిరి. పాత చట్రమునకు బలమైన ఇంజను తగిలించు నిర్మాత ఈ తరువాతి బ్రేకులను వెదకి తెచ్చి బిగించుకొనును. కారణము స్పష్టము. బండి వేగము రెండింతలైనచో, దానిని ఆపుటకు పోగొట్టవలసిన శక్తి నాలుగింతలగును. గంటకు 30 మైళ్ల వేగమున నున్న బండి బ్రేకు వేసిన పిమ్మట ఎంత దూరమున నిలుచునో, 60 మైళ్ల వేగమున దానికి సుమారు నాలుగింతల దూరము కావలెను. వేగమును ఇంజనునకిచ్చి, బ్రేకునకు బుద్ధి నియ్యనివాడు తన ప్రాణమునకే కాక యితరుల ప్రాణములకును శత్రువగును.

ఈ సత్యము ఆ యువకులకు సులభముగ బోధపడలేదు. ఎడారికి పోవు తీరిక లేనివారు నగర వీథులలోనే పందెములు వేసికొనసాగిరి. వీథి యనునది ఒక్కని సొత్తు కాదు. బడికి పోవు బిడ్డ, కూరగాయలు కొని తెచ్చు ముదుసలి, పనినుండి మరలు కూలివాడు, అందఱును దానిని నమ్మి నడచువారే. ఇట్టి పందెముల వలన ప్రమాదములు కలుగగా, హాట్ రాడ్ అను మాటయే జనులకు వెగటైనది. శ్రద్ధతో బండి కట్టినవాడును, దుడుకుతో నడపినవాడును ఒకే గాట కట్టబడిరి. ఆ విద్య నిలుచునా, నశించునా యను సందేహము కలిగినది.

దానిని నిలిపినవారు ఆ నిర్మాతలే. 1937లో దక్షిణ కాలిఫోర్నియాలోని పలు సంఘములు కలిసి దక్షిణ కాలిఫోర్నియా టైమింగు సంఘము అను నొక పెద్ద సంఘముగా నేర్పడినవి. ఎండిన సరస్సులపై పరుగులను క్రమపద్ధతిని నడపుటయు, బండ్లను తరగతులుగా విభజించుటయు, వేగమును సరిగా కొలుచుటయు వారి పనులు. పరుగునకు ముందు బండిని పరీక్షించు ఆచారము బలపడినది. తన బండి తప్పును ఇతరులు చూపినప్పుడు కోపింపక సరిదిద్దుకొనుట ఆ యువకులు నేర్చిరి. ఇది ఇంజను విప్పుటకంటె కష్టమైన విద్య.

రెండవ ప్రపంచ యుద్ధము ఈ కృషిని కొంతకాల మాపినది. మ్యురాకు సరస్సు సైన్యమువారి విమానముల కేటాయింపబడినది. అది నేడు ఎడ్వర్డ్స్ వైమానిక స్థావరములోని భాగము. యుద్ధానంతరము యువకులు ఇండ్లకు మరలి వచ్చిరి. విమానములను, ట్రక్కులను మరమ్మతు చేసిన నేర్పు వారిలో పెక్కండ్రకు యుద్ధమున అబ్బినది. యుద్ధమునకై తయారై మిగిలిపోయిన సామానులును చౌకగా దొరకెను. విమానముల క్రింద వ్రేలాడగట్టు అదనపు పెట్రోలు తొట్టెలు అందులో నొకటి. అవి గాలిని చీల్చుకొని పోవునట్లు నీటిబొట్టు ఆకారమున నుండును. బిల్ బర్కు అనునతడు ఆ తొట్టెను చూచి, ఇది కారు దేహముగా ఏల పనికిరాదని తలచెను. 1946లో అట్టి తొట్టెతో అతడు పందెపు బండిని నిర్మించెను. యుద్ధమునకై చేయబడిన వస్తువు వినోదమునకును విజ్ఞానమునకును ఉపయోగపడినది. చూపు మాఱినచో వస్తువు ప్రయోజనమును మాఱును.

తరువాత ఈ విద్య క్రమముగా గౌరవమును పొందినది. 1948 జనవరిలో రాబర్టు పీటర్సను మొదలగువారు హాట్ రాడ్ అను పత్రికను వెలువరించిరి. 1949లో యూటా రాష్ట్రమునందలి బానివిల్ ఉప్పు మైదానమున వేగవారోత్సవము మొదలైనది. 1950లో కాలిఫోర్నియాలోని శాంటా ఆనా విమానాశ్రయపు బాటపై పందెములు ఆరంభమైనవి. 1951లో వాలీ పార్క్సు మున్నగువారు జాతీయ హాట్ రాడ్ సంఘమును స్థాపించిరి. పావు మైలు, అనగా సుమారు 402 మీటర్ల తిన్నని బాటపై, కట్టుబాట్లకు లోబడి పోటీ చేయు అవకాశము యువకులకు లభించినది. వీథినుండి పందెము తొలగుటకు ఉపదేశ మొక్కటియే చాలదు; పందెమునకు తగిన చోటును చూపవలెను. ఆ సంఘము వారు చేసినది అదియే.

నేడును పెక్కుమంది తమ యిండ్లలో పాత పద్ధతిని హాట్ రాడ్లను కట్టుచున్నారు. ఆ నాటి యువకులు పాత భాగములను వాడుట పేదఱికము వలన. నేటి వారికి ఆ నిర్బంధము లేదు. క్రొత్త ఇంజనులు కలవు. పాత నమూనాలో చేసిన క్రొత్త దేహములును అమ్మకమునకున్నవి. అయినను వారు ఆ కాలపు ఇంజనును, ఆ కాలపు చక్రములనే కోరి వెదకుదురు. ఏలయన, క్రొత్త వస్తువును కొనుటకు ధనము చాలును. పాత వస్తువును బాగుచేయుటకు దానిని అర్థము చేసికొనవలెను. త్రుప్పుపట్టిన మేకును విఱుగకుండ తిప్పుట, వంగిన రేకును సుత్తితో మెల్లగా తిన్నచేయుట, ఇనుము పలుకు ధ్వనినిబట్టి దాని మంచిచెడ్డలను గ్రహించుట కొనగల విద్యలు కావు. అవి చేతికి చేయి, కంటికి కన్ను నేర్పవలసినవి. ఒక కొట్టములో తాత విప్పుచుండగా మనుమడు దీపము పట్టుకొని నిలుచును. ఏ మర మెచ్చటిదో, ఏ వాషరు ఏ వైపునకు తిరిగియుండవలెనో ఆ బాలుడు చూచి నేర్చును. ఆ తాత ఆ మనుమని కిచ్చు ఆస్తి ఆ బండి మాత్రమే కాదు.

బండి సిద్ధమైన దినమున ఇంజను తొలిసారి మ్రోగును. ఇరుగుపొరుగువారు గుమికూడుదురు. నిర్మాత మాత్రము వెంటనే వీథిలోనికి ఉఱుకడు. చెవి యొగ్గి వినును. ఇంజను నాపి, చమురు కాఱునేమో యని క్రిందికి వంగి చూచును. చక్రపు మరలను మరల బిగించును. నిదానముగ నడపి, బ్రేకు వేసి, మరల పరీక్షించును. మాసములు నిరీక్షించినవానికి ఇంకొక గంట భారము కాదు.

అట్టి బండిని చూచినవారు దాని మెఱయు రంగును, ఘోషించు గొట్టములను కొనియాడుదురు. చట్రపు అడుగున నున్న అతుకును ఎవ్వరును వంగి చూడరు. దానిని శ్రద్ధతో అతికినాడా, తొందరతో అతికినాడా యనునది కట్టినవాని కొక్కనికే తెలియును. కాని బండి వేగమందుకొనిన క్షణమున నడపువాని ప్రాణమును, ఎదురువచ్చువాని ప్రాణమును నిలుపునది ఆ రంగు కాదు. ఎవ్వరును చూడని ఆ అతుకే.