మందు ఇంటి దగ్గరే ఉంది

క్షయ అనే మాట వినగానే మన ఇళ్ళలో గొంతులు తగ్గిపోతాయి. రక్తపోటు ఉందని, షుగర్ ఉందని పదిమందిలో చెప్పుకోవడానికి ఎవరూ జంకరు. పెళ్ళి భోజనాల దగ్గర "నాకు షుగరండీ, లడ్డూ వడ్డించకండి" అని గట్టిగానే చెబుతారు. టి.బి. సంగతి మాత్రం సొంత అల్లుడికి కూడా తెలియనివ్వరు. ప్రభుత్వ ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ నేను ఈ గుసగుసలు వింటూనే ఉన్నాను. జబ్బుకు పక్కా మందు ఉంది. అది ఉచితంగా, మన పేటలోనే దొరుకుతుంది. అయినా సిగ్గుకొద్దీ దగ్గర ఉన్నదాన్ని వదిలి దూరానికి పరుగెత్తేవారు ఇప్పటికీ ఉన్నారు. వారిలో కొందరు మధ్యలో మందు మానేసి ప్రాణం మీదికి తెచ్చుకుంటున్నారు. అందుకే ఈ వారం ఈ విషయం రాస్తున్నాను.

ముందుగా లక్షణాలు చెబుతాను. రెండు వారాలు దాటినా తగ్గని దగ్గు, సాయంత్రం పూట వచ్చే జ్వరం, రాత్రి పక్క తడిసేలా చెమట, ఆకలి మందగించడం, ఒళ్ళు తగ్గిపోవడం, కళ్ళెలో రక్తపు జీర. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా అనుమానించాలి. అన్నీ కలిసి రావాలని లేదు. జుట్టు, గోళ్ళు తప్ప ఒంట్లో ఏ భాగానికైనా క్షయ రావచ్చు. మెడ మీద నొప్పి లేకుండా పెరిగే గడ్డ, నెలల తరబడి వేధించే వెన్నునొప్పి కూడా కొన్నిసార్లు క్షయే అవుతాయి. షుగర్ ఉన్నవారికి, పొగ తాగేవారికి, సరైన తిండి లేనివారికి ఇది వచ్చే అవకాశం ఎక్కువ.

మన పెద్దల కాలంలో క్షయ వచ్చిందంటే శానిటోరియం దారి పట్టవలసిందే. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో 1915లో మొదలైన శానిటోరియం దక్షిణ దేశమంతటా పేరు పొందింది. మంచి గాలి, మంచి తిండి, విశ్రాంతి అనేవే ఆనాటి చికిత్స. డబ్బున్నవారు నెలల తరబడి ఉండేవారు. లేనివారు ఇంట్లోనే కృశించి పోయేవారు. జబ్బు మనిషి ఇల్లు విడిచి వెళ్ళాలి, ఎవరికీ కనబడకూడదు అనే భావం ఆ రోజుల నుంచే మన మనసుల్లో నాటుకుపోయింది.

ఆ భావాన్ని తలకిందులు చేసిన పరిశోధన మన పొరుగున మద్రాసులోనే జరిగింది. 1956లో అక్కడ ఒక క్షయ చికిత్సా కేంద్రం ఏర్పడింది. రోగులను రెండు జట్లుగా చేసి ఒక జట్టును శానిటోరియంలో ఉంచారు. రెండో జట్టుకు అవే మందులిచ్చి ఇంటి దగ్గరే ఉండమన్నారు. ఇళ్ళంటే మేడలు కావు. బీదవాడల్లో, ఒకే గదిలో నలుగురైదుగురు ఉండే కొంపలు. తిండి కూడా శానిటోరియంలో పెట్టినంత బలమైనది కాదు. ఏడాది గడిచాక చూస్తే ఇంట్లో ఉన్నవారు కూడా ఇంచుమించు అంత బాగానే కోలుకున్నారు. వారితో కలిసి ఉన్న కుటుంబసభ్యులకు అందువల్ల జబ్బు ఎక్కువగా సోకిందీ లేదు. 1959లో ఈ ఫలితాలు వెలువడ్డాక ప్రపంచమంతా క్షయ రోగిని ఇంటికి పంపించి మందు ఇవ్వడం మొదలుపెట్టింది.

అయితే ఇంటి వైద్యానికి ఒక షరతు ఉంది. మందు మానకూడదు. ఆసుపత్రిలో అయితే నర్సమ్మ వచ్చి మింగిస్తుంది. ఇంట్లో ఎవరు మింగిస్తారు?

1990లలో నేను ఒక చిన్న ఊళ్ళో పనిచేస్తుండగా ఒక వడ్రంగి నా దగ్గరికి వచ్చాడు. నలభై ఏళ్ళుంటాయి. కళ్ళెలో క్షయ క్రిములు ఉన్నాయి. మా ఆసుపత్రిలోనే మందులు తీసుకోమన్నాను. "ఇక్కడ వద్దు బాబూ. ఊళ్ళో తెలిస్తే నాకు పని ఎవరిస్తారు? తలుపులు చెయ్యమని ఇంట్లోకి ఎవరు రానిస్తారు?" అన్నాడు. అరవై కిలోమీటర్ల దూరంలో ఉన్న పట్నానికి రాయించుకున్నాడు. మొదటి నెల బస్సెక్కి వెళ్ళాడు. రెండో నెలా వెళ్ళాడు. దగ్గు తగ్గింది, ఆకలి పుట్టింది, ఉలి పట్టే ఓపిక వచ్చింది. ఒక రోజు కూలి, బస్సు ఛార్జీలు పోగొట్టుకుని అంత దూరం ఎందుకనిపించింది. మానేశాడు. అతను మానేశాడని పట్నంలో అడిగేవారు లేరు. మా ఊళ్ళో తెలిసినవారు లేరు. ఏడాది తిరక్కుండా రక్తం కక్కుకుంటూ తిరిగి వచ్చాడు. ఈసారి పాత మందులు పనిచెయ్యలేదు. భార్యకు, ఇద్దరు పిల్లలకు అతను మిగల్చగలిగింది పనిముట్ల సంచీ ఒక్కటే.

అతనిది మొండితనం కాదు. ఒళ్ళు బాగున్నప్పుడు మందు మానేయాలని ఎవరికైనా అనిపిస్తుంది. క్షయ క్రిముల్లో చురుకైనవి మొదటి వారాల్లోనే చచ్చిపోతాయి. అందుకే దగ్గు, జ్వరం తగ్గుతాయి. మందకొడిగా నక్కి ఉన్నవి మాత్రం మిగులుతాయి. వాటిని తుడిచిపెట్టడానికే మామూలు క్షయకు మొదటి రెండు నెలలు నాలుగు రకాల మందులు, తరువాత నాలుగు నెలలు మూడు రకాలు, మొత్తం ఆరు నెలలు ఇస్తాము. మధ్యలో మానేస్తే మిగిలిన క్రిములు మళ్ళీ పెరుగుతాయి. పైగా కొన్ని మందులకు లొంగకుండా తయారవుతాయి. అటువంటి మొండి క్షయను ఆ రోగి తన ఇంటివారికీ అంటించగలడు. దానికీ ఇప్పుడు ఉచితంగా మందులు ఇస్తున్నారు గాని, అందరూ తట్టుకోలేరు.

అందుకే మందుతో పాటు ఒక మనిషి కావాలి. రోజూ "వేసుకున్నావా?" అని అడిగే మనిషి. 1997లో మన దేశంలో మొదలైన సవరించిన క్షయ నియంత్రణ కార్యక్రమం ఈ సూత్రం మీదే నడిచింది. 2006 నాటికి అది దేశమంతటా వ్యాపించింది. వారానికి మూడు రోజులు వేసే మాత్రల స్థానంలో తరువాత రోజూ వేసే మాత్రలు వచ్చాయి. బరువును బట్టి ఎన్ని మాత్రలో నిర్ణయిస్తారు.

సిగ్గు సంగతికి మళ్ళీ వస్తాను, ఎందుకంటే అది ఈనాటికీ పోలేదు. కొన్నేళ్ళ క్రితం ఒక తల్లి డిగ్రీ చదివే కూతుర్ని తీసుకొచ్చింది. పిల్ల బరువు 39 కిలోలు. పరీక్షలో టి.బి. అని తేలింది. తల్లి తలుపు దగ్గరగా వేసి, "డాక్టరుగారూ, మా వీధి ఆశా వర్కరు చేతికి మాత్రం ఈ మందులు ఇవ్వకండి. మీకు దణ్ణం పెడతాను. రేపు దీనికి సంబంధాలు చూడాలి. ఎక్కడో విజయవాడలో రాయండి, నెలకోసారి వెళ్ళి తెచ్చుకుంటాం" అంది. నాకు వడ్రంగి గుర్తొచ్చాడు.

"మీ ఇంట్లో ఇంకెవరున్నారమ్మా?" అని అడిగాను. అత్తగారు ఉన్నారట. డెబ్భై దాటిన మనిషి, రక్తపోటు మాత్రలు వేసుకుంటుందట. మరునాడు ఆవిడను పిలిపించాను. "మామ్మగారూ, మనవరాలికి రోజూ మాత్రలు వేయించే పూచీ మీది. కుటుంబసభ్యులు ఆ బాధ్యత తీసుకోవచ్చని నిబంధనల్లోనే ఉంది" అన్నాను. ఆవిడ ఎంతో సంతోషించింది. గోడమీది క్యాలెండరులో రోజూ ఒక సున్నా చుట్టేది. ఆశా కార్యకర్త మామ్మగారి రక్తపోటు చూసే మిషతో వచ్చి, పిల్లను కూడా పలకరించి వెళ్ళేది. వీధిలో ఎవరూ ఆరా తియ్యలేదు. రెండో నెలలో "నాయనమ్మా, నాకు బాగానే ఉంది, ఇక చాలు" అని పిల్ల మారాం చేసిందట. "నీ బాగు నాకెందుకే, క్యాలెండరులో సున్నాలు నిండాలి" అందట మామ్మగారు. ఆరు నెలలు నిండేసరికి పిల్ల బరువు 46 కిలోలు. కళ్ళెలో క్రిములు లేవు. వాళ్ళు విజయవాడ వెళ్ళవలసిన అవసరం రాలేదు.

ఇప్పుడు మీ పేటలో, మీ ఊళ్ళో ఏమేమి దొరుకుతాయో చెబుతాను. దగ్గరలోని ఆరోగ్య ఉపకేంద్రానికో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికో, హైదరాబాదు వంటి చోట బస్తీ దవాఖానాకో వెళ్ళి దగ్గు సంగతి చెప్పండి. కళ్ళె తీసి పరీక్షకు పంపుతారు. ఉమ్మి కాకుండా లోపలి నుంచి దగ్గి తీసిన కళ్ళె ఇవ్వాలి. కొత్త యంత్రాలు కొన్ని గంటల్లోనే క్రిములు ఉన్నదీ లేనిదీ, ముఖ్యమైన మందుకు లొంగేదీ లేనిదీ చెప్పేస్తాయి. పరీక్షకు, మందులకు పైసా ఖర్చు లేదు. టి.బి. అని తేలినవారికి షుగర్, హెచ్.ఐ.వి. పరీక్షలు కూడా చేస్తారు. మరో ఊరికి మారవలసి వస్తే అక్కడి కేంద్రానికి బదిలీ చేయించుకోవచ్చు. చికిత్స తెగిపోదు.

పోషకాహారం కోసం 2018 ఏప్రిల్ నుంచి నెలకు 500 రూపాయలు రోగి బ్యాంకు ఖాతాలో వేసేవారు. 2024 నవంబరు నుంచి దాన్ని 1000 రూపాయలు చేశారు. ప్రైవేటు డాక్టరు దగ్గర వైద్యం చేయించుకునేవారికి కూడా ఈ డబ్బు వర్తిస్తుందని చాలామందికి తెలియదు. 2012 నుంచి ప్రతి టి.బి. కేసునూ ప్రైవేటు వైద్యులు కూడా ప్రభుత్వానికి తెలియజేయాలి. మీ పేరు నమోదయిందో లేదో మీ డాక్టరును అడగండి. సందేహాలుంటే 1800-11-6666 నంబరుకు ఉచితంగా ఫోను చెయ్యవచ్చు.

డబ్బిచ్చేది తిండికి. దాన్ని తిండికే ఖర్చు పెట్టండి. పప్పు, గుడ్డు, పాలు, వేరుశనగలు, ఆకుకూరలు చాలు. ఖరీదైన టానిక్కులు అక్కర్లేదు. జార్ఖండులో జరిగి 2023లో ప్రచురితమైన ఒక పెద్ద అధ్యయనంలో, రోగుల కుటుంబాలకు అదనపు ఆహారం అందిస్తే ఇంట్లో మిగతావారికి క్షయ రావడం దాదాపు 40 శాతం తగ్గింది.

ఇంటివారికి నాలుగు మాటలు. క్షయ గాలి ద్వారా సోకుతుంది. కంచం, గ్లాసు వేరు పెట్టడం వల్ల ప్రయోజనం లేదు. అది రోగి మనసును గాయపరుస్తుంది, అంతే. దగ్గేటప్పుడు నోటికి గుడ్డ అడ్డం పెట్టుకోమనండి. కిటికీలు తెరిచి ఉంచండి. సరైన మందు మొదలుపెట్టాక అంటించే గుణం త్వరగా తగ్గిపోతుంది. ఇంట్లో అందరూ, ముఖ్యంగా ఐదేళ్ళలోపు పిల్లలు, పరీక్ష చేయించుకోవాలి. జబ్బు లేదని తేలినవారికి, అది రాకుండా నివారణ మందు కూడా ఇస్తారు.

మాత్రలు మొదలుపెట్టాక మూత్రం నారింజ రంగులో వస్తే కంగారు పడకండి. అది మందు రంగు. కాని కళ్ళు పచ్చబడినా, వాంతులు ఆగకపోయినా, చూపు మసకబారినా వెంటనే డాక్టరుకు చూపించండి. మీ అంతట మీరు మానకండి. గర్భం రాకుండా మాత్రలు వాడే స్త్రీలు ఆ సంగతి ముందే చెప్పాలి. క్షయ మందులు వాటి బలాన్ని తగ్గిస్తాయి, వేరే పద్ధతి పాటించాలి.

ఇరుగుపొరుగువారికి కూడా ఒక మనవి. పక్కింట్లో ఎవరికైనా ఈ జబ్బు ఉందని తెలిస్తే ఆ మాట నాలుగిళ్ళకు చేరవెయ్యకండి. రాకపోకలు మానకండి. మీ ఇంట్లోనే ఎవరికైనా రెండు వారాలుగా దగ్గు ఉంటే, సిరప్పు సీసాలు మార్చడం ఆపి రేపు పొద్దున్నే కళ్ళె పరీక్ష చేయించండి. టి.బి. అని తేలితే, రోజూ మాత్ర వేయించే పూచీ ఎవరిదో ఆ రాత్రే ఇంట్లో అందరూ కూర్చుని నిర్ణయించుకోండి.