ముగ్గు లేస్తే లోపలే

హైదరాబాద్-విజయవాడ హైవే మీద వెళ్లినవాళ్లు సూర్యాపేటలో ఒక్కసారైనా టీ తాగే ఉంటారు. కోదాడ దాటితే ఆంధ్రా కాబట్టి ఆ బోర్డూ గుర్తుండే ఉంటుంది. మిర్యాలగూడ మాత్రం ఈ దారిలో తగలదు, అది నార్కట్‌పల్లి-అద్దంకి రోడ్డు మీదుంది. కానీ ఇవాళ మీరు తిన్న అన్నం అక్కడి మిల్లు నుంచే వచ్చి ఉండొచ్చు. ఈ మూడు ఊళ్ల మధ్య నేను టెన్నిస్ నేర్పాను. నవ్వకండి, నిజం.

నాది కోదాడ, చేసేది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఇంజినీరింగ్‌లో కాలేజీ టీమ్‌కి ఆడానంతే, కోచింగ్ సర్టిఫికెట్టు గట్రా ఏమీ లేవు. వర్క్ ఫ్రమ్ హోమ్‌లో ఊళ్లో ఉన్నప్పుడు మా చిన్నాన్న కొడుకు నా పాత రాకెట్ పట్టుకుని వెంటపడ్డాడు. తర్వాత సూర్యాపేట నుంచి ఒక పిల్లోడు, మిర్యాలగూడ నుంచి ఒక పాప కలిశారు. అందరూ పన్నెండేళ్లలోపు వాళ్లే. ముగ్గుర్నీ ఊరి పేర్లతోనే పిలిచేవాణ్ని.

మిల్లులో కోర్టు

టెన్నిస్ కోర్టు పొడవు 78 అడుగులు, సింగిల్స్‌కి వెడల్పు 27 అడుగులు. గీతల వెనక పరుగెత్తడానికి ఇంకో 20 అడుగులైనా ఉండాలి. అంత చదునైన జాగా ఎక్కడ దొరుకుతుంది? మిర్యాలగూడ వాళ్ల నాన్న ఓ రైస్ మిల్లులో గుమాస్తా. వడ్లు ఆరబోసే సిమెంటు కల్లం ఆదివారాలు వాడుకోమని ఓనర్ ఒప్పుకున్నాడు. ఒకటే షరతు: సీజన్‌లో అటు రావద్దు. సాగర్ ఎడమ కాల్వ కింద పంట కోతకొచ్చిందంటే ఆ కల్లం మీద కాలు పెట్టే సందుండదు. అంటే మా స్పోర్ట్స్ క్యాలెండర్ రాసింది వరి పంటే.

పొద్దున్నే ఐదింటికి తమ్ముణ్ని బండెక్కించుకుని హుజూర్‌నగర్ మీదుగా వెళ్లేవాణ్ని. సూర్యాపేట వాడు వాళ్ల అమ్మతో బస్సులో వచ్చేవాడు. వాలీబాల్ నెట్‌ని కిందికి దించి, మధ్యలో 3 అడుగుల ఎత్తుకి కట్టేవాళ్లం. గీతలు ముగ్గుపిండితో గీసేవాళ్లం. ఉడికిన వడ్ల వాసన, గాల్లో ఊక, తొమ్మిది దాటితే కాలే సిమెంటు. అదీ మా అకాడమీ.

జూనియర్ టోర్నమెంట్లలో మొదటి రౌండ్లకి చాలాసార్లు ప్రతి కోర్టుకీ అంపైర్ ఉండడు. నీ వైపు పడ్డ బంతి లోపలో బయటో నువ్వే చెప్పాలి. గీతకి అంచు తగిలినా లోపలే. అనుమానం ఉంటే అవతలివాళ్లకే పాయింట్. మా దగ్గర ఆ గొడవే లేదు. బంతి గీతకి తగిలితే ముగ్గు పొగలా లేచేది. "ముగ్గు లేసింది!" అంటే లోపలే, వాదన బంద్.

పాస్‌పోర్టు లేని ఫారిన్

ఓ అండర్-12 టోర్నీకి ముగ్గురి పేర్లూ ఇచ్చాం. 2003లో వింబుల్డన్ బాలికల డబుల్స్ గెలిచిన సానియా మీర్జా ఊరికి వెళ్తున్నామని పిల్లలకి ఒకటే హుషారు. సూర్యాపేటలో ఒకణ్ని ఎక్కించుకున్నాను. మిర్యాలగూడ పాప, వాళ్ల నాన్న నార్కట్‌పల్లి దగ్గర కలిశారు. ఆ రోజు ఆయనకి జీతం కట్.

నీలం రంగు కోర్టు చూసి పిల్లలు చెప్పులు విప్పబోయారు. అక్కడున్నవాళ్లకి ఒక్కొక్కరికీ మూడేసి రాకెట్లు. మా కల్లం నున్నగా ఉంటుంది, బంతి జారుకుంటూ కిందుగా వస్తుంది. సింథటిక్ కోర్టు గరుకు, బంతి ఆగి పైకి లేస్తుంది. అది అలవాటు కావడానికి ఉన్నది ఐదు నిమిషాల వార్మప్. కోదాడ, సూర్యాపేట ఇద్దరూ గంటలోపే బ్యాగులు సర్దేశారు.

మిర్యాలగూడ మాత్రం ఆటని టై బ్రేక్ దాకా లాగింది. స్కోరు 5-6. అవతలి అమ్మాయి కొట్టిన బంతి బేస్‌లైన్ అంచున పడింది. మా పాప కొట్టలేకపోయింది. వేలెత్తి "ఔట్" అంటే చాలు, 6-6. అవతలి అమ్మాయికి అంత దూరం నుంచి కనపడదు. లైన్ కాల్‌లో బయటివాళ్లు నోరెత్తకూడదు. కంచె పట్టుకుని నిలబడ్డ నేను మనసులో ఏం అనుకున్నానో ఒప్పుకుంటున్నా. ఔట్ అను తల్లీ అనే అనుకున్నాను.

పాప గీత వైపు ఒకసారి చూసింది. "ఇన్" అంది. నెట్ దగ్గరికెళ్లి చెయ్యి కలిపింది.

తిరుగు ప్రయాణంలో చౌటుప్పల్ దాకా కార్లో ఎవరూ మాట్లాడలేదు. చివరికి వాళ్ల నాన్నే అన్నాడు, "ఔట్ అంటే అయిపోవు గద బిడ్డా. ఎవరు జూసిన్రు?"

నేనేదో చెప్పబోయాను. చెప్పే అర్హత నాకుందా అని ఆగిపోయాను.

"ముగ్గుంటే లేసేదే నాన్నా," అందా పాప కిటికీలోంచి చూస్తూనే. ఆయన మళ్లీ మాట్లాడలేదు. నార్కట్‌పల్లిలో దిగేటప్పుడు మాత్రం ఆమె కిట్ బ్యాగ్ తనే భుజాన వేసుకున్నాడు.

ఆ తర్వాతి వారమే సీజన్ మొదలైంది, కల్లం నిండా వడ్లు. నెలన్నర ఆగి వెళ్లేసరికి మా పాప ముగ్గు డబ్బా పట్టుకుని ముందే కూర్చుంది. "ఈసారి గీతలు నేను గీస్తా అన్నా," అంది. నిజం చెప్పాలంటే, నాకంటే సూటిగా గీసింది.