బేస్ ఒక్కటే, బ్లాక్ మనది

మాది మహబూబాబాద్ జిల్లా గంగారం. 2016 అక్టోబరు 11కి ముందు వరంగల్ జిల్లా. కొత్త జిల్లా వచ్చాక నాన్న ఇంట్లోని కాగితాలన్నీ ఒక్కొక్కటిగా తిరిగి మార్పించాడు.

ఫ్లాస్క్‌లో జింజా నేర్చుకుంటుంటే అదే గుర్తొచ్చింది. ఇక్కడ హెడర్, మెనూ, ఫుటర్ బేస్ ఫైల్లో ఒక్కసారే రాస్తాం. మిగతా పేజీలు 'ఎక్స్‌టెండ్స్' అనే లైనుతో దాన్ని తెచ్చుకుని, తమ 'బ్లాక్' మాత్రం నింపుకుంటాయి. ఫుటర్‌లో జిల్లా పేరు ఒక్కచోట మారిస్తే చాలు, అన్ని పేజీల్లోనూ మారిపోతుంది.

కానీ ఒకటి గమనించండి. బ్లాక్ రాయకపోయినా ఎర్రర్ రాదు, బేస్‌లో ఉన్నదే కనబడుతుంది. పేజీ బాగానే ఉంటుంది, మన ఊరే ఉండదు. మా మండలంలోని పూనుగొండ్ల నుంచి పగిడిద్దరాజు మేడారం జాతరకు బయల్దేరతాడన్న సంగతి ఏ బేస్ ఫైలూ చెప్పదు. ఆ బ్లాక్ మనమే రాయాలి.