మార్జాలసేవలో అహింసావివేచన

గృహస్థునికి శాస్త్రం విధించిన పంచమహాయజ్ఞాలలో భూతయజ్ఞం ఒకటి. ఇంటిని ఆశ్రయించిన ప్రాణులకు అన్నభాగం అర్పించడం దాని బాహ్యరూపం. ఆ ప్రాణి ప్రకృతిని ఎరిగి అర్పించడం దాని అంతరార్థం. ఈ భేదం రాజమహేంద్రవరంలోని ఒక వైష్ణవ గృహస్థునికి ఒక పిల్లి వల్ల బోధపడింది.

పదేళ్లుగా ఆ ఇంట పెరుగన్నం తిన్న ఆ మార్జాలం అధికంగా నీరు త్రాగుతూ, మాటిమాటికి మూత్రవిసర్జన చేస్తూ, ఎంత తిన్నా కృశించసాగింది. పశువైద్యుడు మధుమేహమని నిర్ధారించారు. పన్నెండేసి గంటల వ్యవధితో రోజుకు రెండుసార్లు ఇన్సులిన్ ఇవ్వాలని, అన్నం మాన్పించి మాంసాహారం పెట్టాలని చెప్పారు. పిల్లి జన్మతః మాంసాశి. దాని దేహానికి అత్యావశ్యకమైన టారిన్ అన్నంలో లభించదు.

ఆచారనిష్ఠ గల ఆ ఇంటికి ఇది ధర్మసంకటమైంది. "ఏమండీ, మన నియమం కోసం దాని ప్రాణం పోతే అది అహింస అవుతుందా?" అని ఆయన ధర్మపత్ని అడిగారు. శాకాహారం ఆ దంపతులు స్వీకరించిన వ్రతం. పిల్లికి ఆ దీక్ష ఎవరూ ఇవ్వలేదు. పెరటి అరుగు మీద, వేరొక పాత్రలో, దాని ఆహారం దానికి పెట్టడానికి వారు నిశ్చయించుకున్నారు.

రెండవ పరీక్ష సూది. చెవి అంచున గుచ్చి రక్తబిందువును గ్లూకోమీటరుతో పరీక్షించాలి. ఆహారం తిన్నదని చూసుకుని, చర్మాన్ని మడతగా ఎత్తి మందు ఇవ్వాలి. నొప్పి కలిగించడమే హింస అని తలచినంతకాలం ఆయన చేయి వణికింది.

మూడవ పరీక్ష సూక్ష్మమైనది. ఒక సాయంత్రం మీటరు 380 చూపింది. మోతాదు కొంచెం పెంచితే త్వరగా దిగుతుందన్న ఆత్రం ఆయనలో ఉదయించింది. కాని భయం వల్ల కూడా పిల్లి రక్తంలో చక్కెర పెరుగుతుంది. ఒక్క అంకెను చూసి వైద్యుని అనుమతి లేక మోతాదు మార్చరాదు. మందు మించితే చక్కెర పడిపోయి తూలడం, మూర్ఛ, మరణం సైతం సంభవించవచ్చు. మిల్లీలీటరుకు 40 యూనిట్లుండే మందును 100 యూనిట్ల సిరంజితో కొలిచినా మోతాదు తారుమారవుతుంది. ఆయన ఆ సాయంత్రం నిర్ణీతమైన 2 యూనిట్లే ఇచ్చి, అంకెను పుస్తకంలో వ్రాసుకున్నారు.

శరణాగతికి మార్జాలకిశోరన్యాయాన్ని దృష్టాంతంగా చెప్పే తెంగలై సంప్రదాయం వారిది. పిల్లకూన తల్లిని పట్టుకోదు. తల్లియే దానిని నోట కరచి తీసుకుపోతుంది. ఆయన దానిని చిరకాలంగా భగవత్కృపకు ఉపమానంగా విన్నారు. ఎలుకను చీల్చే కోరలే కూనను గాయపరచకుండా మోస్తాయన్న అంశం ఇప్పుడే ఆయన దృష్టికి వచ్చింది. కోరలు అవే, పట్టులోని మితం వేరు. సూది విషయమూ అంతే. జ్ఞానంతో కొలిచి ఇచ్చినది రక్షణ, ఆత్రంతో ఇచ్చినది హింస.

కొన్ని పిల్లులకు కాలక్రమంలో ఇన్సులిన్ అవసరం లేకుండా పోతుంది. దీనికి ఆ స్థితి వస్తుందో రాదో ఆ దంపతులు విచారించడం మానారు. ఉదయం ఆరాధనానంతరం ఒకసారి, సాయందీపం వెలిగించాక ఒకసారి, ఆ సేవ నిత్యకర్మలలో చేరిపోయింది.